రెండు కొల్లూర్లు: తక్కువ గ్రేడు ఖనిజం, తక్కువ చేసిన మనుషులు

2022 దాకా గుంటూరు జిల్లాలో రెండు కొల్లూర్లు ఉండేవి. ఒకటి ఎగువన బెల్లంకొండ మండలంలో, కృష్ణ కుడి ఒడ్డున. ఇంకొకటి దిగువన తెనాలి నుంచి రేపల్లె పోయే వైపు, అదే కృష్ణ కుడి ఒడ్డున, లంకల పక్కన. జిల్లాల విభజనలో మొదటిది పల్నాడుకు, రెండోది బాపట్లకు పోయాయి. పేరు ఒకటే కావడంతో కోహినూరు వజ్రం మా డెల్టా కొల్లూరులోనే దొరికిందనుకునేవాళ్లు మా వైపు ఇప్పటికీ ఉన్నారు. అది నిజం కాదు. తెనాలి, బాపట్ల, రేపల్లె చేలల్లో బోరు దించితే ఒండ్రు వస్తుంది, ఇసుక వస్తుంది, బంకమన్ను వస్తుంది. వజ్రం మోసే కంకర రాదు. వజ్రాల కొల్లూరు ఎగువ కొల్లూరు.

అయితే ఈ పొరపాటును దిద్ది ఊరుకుంటే చరిత్ర పని అయిపోదు. ఒకే నది ఒడ్డున ఉన్న ఈ రెండు ఊళ్ల మధ్య నిజమైన సంబంధం ఒకటుంది. అది వజ్రానిది కాదు, కూలిది. కంకరలోంచి, గులకరాళ్లు ముద్దకట్టిన రాతిలోంచి బంగారమో వజ్రమో తీయడం అనే పనికి ప్రపంచమంతటా ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రను కంపెనీల వైపు నుంచి, రాజుల వైపు నుంచి, రాళ్ల పేర్ల వైపు నుంచి రాశారు. తవ్వినోళ్ల వైపు నుంచి చూస్తే 'తక్కువ గ్రేడు ఖనిజం' అనే మాటకు అర్థమే మారిపోతుంది. మేము ఇక్కడ చెప్పదలచుకున్నది అదే. గ్రేడు అనేది సగం రాతిలో ఉంటుంది, మిగతా సగం కూలిలో ఉంటుంది.

నది పట్టే జల్లెడ

ముందు రాయి సంగతి చూద్దాం. బంగారం నీటికంటే 19 రెట్లకు పైగా బరువు. మామూలు తెల్ల గులకరాయి, అంటే క్వార్ట్జ్, రెండున్నర రెట్ల పైచిలుకు. వజ్రం మూడున్నర రెట్లు. కొండల్లో రాయి అరిగి వానకు కొట్టుకొచ్చినప్పుడు నది వీటిని బరువు చూసి వేరు చేస్తుంది. వడి తగ్గిన చోట ముందు బరువైనవి దిగుతాయి. గులకరాళ్ల సందుల్లో బంగారపు రవ్వలు ఇరుక్కుంటాయి. తేలిక ఒండ్రు ఇంకా ముందుకు పోయి మా తెనాలి, రేపల్లె పొలాలవుతుంది.

కోట్ల ఏళ్ల కిందట ఇలా దిగిన కంకర మీద ఇంకా ఇంకా మట్టి పేరుకుని, ఒత్తిడికి గట్టిపడి రాయి అయితే దాన్ని భూగర్భ శాస్త్రంలో కాంగ్లామరేట్ అంటారు. చూడటానికి పప్పుచెక్కలో వేరుశనగ గింజలు అతుక్కున్నట్టు ఉంటుంది. దక్షిణాఫ్రికాలో విట్‌వాటర్స్‌రాండ్ బంగారం ఇలాంటి రాతిలోది. అక్కడి డచ్చి రైతులు తమ బాదం మిఠాయి పేరు మీద ఆ రాతిని 'బాంకెట్' అన్నారు. మన కర్నూలు వైపు బనగానపల్లె కాంగ్లామరేట్‌లో ఉన్నది వజ్రం. కొల్లూరులో రాయిగా గట్టిపడని కంకరలోనే వజ్రం దొరికింది.

ఈ నిక్షేపాలన్నిటికీ ఒక లక్షణం ఉంది. సరుకు చాలా మేర పరుచుకుని ఉంటుంది, కానీ పలచగా ఉంటుంది. టన్ను రాయి పొడి చేస్తే కొన్ని గ్రాములు. వందల తట్టల మట్టి కడిగితే ఒక చిన్న రాయి. కాబట్టి ఇక్కడ అదృష్టం కంటే చేతుల సంఖ్య ముఖ్యం. ఎన్ని చేతులు పెట్టగలవు, ఒక్కో చేతికి ఎంత ఇస్తావు అనే దాని మీద అది గని అవుతుందా, ఉత్త రాళ్లగుట్టగా మిగిలిపోతుందా అన్నది తేలుతుంది.

తెలుగులో దీనికి పాత మాట ఒకటుంది: జలగడుగు. కంసాలి కొట్లో ఊడ్చిన దుమ్మునూ బూడిదనూ నీళ్లలో కడిగి, అందులో రాలిన బంగారపు నలుసులు ఏరుకోవడం. అంగడి యజమానికి ఆ దుమ్ము చెత్త. కడిగే వాళ్లకు పూట గడిచే ఖనిజం. దుమ్ము అదే, అందులోని బంగారమూ అంతే. మారింది ఎవరి శ్రమకు ఎంత విలువ కట్టారన్నదే. పండితులు పెద్దగా పట్టించుకోని ఈ మాటలో ఖనిజ అర్థశాస్త్రం మొత్తం ఉంది.

రాండ్ చెప్పిన లెక్క

1886లో విట్‌వాటర్స్‌రాండ్‌లో ప్రధాన రీఫ్ బయటపడింది. దాన్ని కనిపెట్టినవాడిగా పేరు పొందిన జార్జ్ హారిసన్ తన హక్కును 10 పౌండ్లకు అమ్ముకుని వెళ్లిపోయాడు. ఇంతవరకు ప్రపంచంలో మనుషులు తవ్విన బంగారంలో సుమారు మూడో వంతు నుంచి నలభై శాతం దాకా ఆ ఒక్క ప్రాంతం నుంచే వచ్చిందని అంచనా. అంత బంగారం ఇచ్చిన ఆ రాతిలో టన్నుకు ఉన్నది మామూలుగా గుప్పెడు గ్రాములే. పైగా రీఫ్ ఏటవాలుగా భూమిలోకి దిగిపోయి ఉంటుంది. మైళ్ల లోతున తవ్వాలి.

ఈ పేద రాయి ఎట్లా లాభమిచ్చింది? పాఠ్యపుస్తకం చెప్పే జవాబు సైనైడ్ పద్ధతి. అది అబద్ధం కాదు. 1887లో పేటెంటు పొందిన ఆ పద్ధతి లేకపోతే మెత్తటి పొడిలో మిగిలిన బంగారం వచ్చేది కాదు. కానీ ఇంకో సంగతి ఉంది. ఆ కాలంలో బంగారం ధర ఔన్సుకు సుమారు 85 షిల్లింగుల దగ్గర స్థిరం. గని యజమాని తన సరుకు ధర పెంచుకోలేడు. యంత్రాలు, డైనమైటు, బొగ్గు ఖర్చులు తగ్గించుకోవడానికీ హద్దుంది. తగ్గించడానికి వీలున్న ఖర్చు ఒక్కటే: నల్లవాళ్ల కూలి.

అందుకే గని యజమానుల సంఘమైన చాంబర్ ఆఫ్ మైన్స్ కూలీలను పట్టి తెచ్చే పనిని ఒకే సంస్థ చేతిలో పెట్టింది. యజమానులు ఒకరి మీద ఒకరు పోటీపడి కూలి పెంచకుండా కట్టుదిట్టం చేసుకున్నారు. పాస్ చట్టాలు వచ్చాయి. కూలీలను కాంపౌండ్లలో పెట్టారు. 1904 నుంచి చైనా నుంచి అరవై వేల మందికి పైగా తెచ్చి, 1910కల్లా తిప్పి పంపేశారు. 1911లో నైపుణ్యమున్న పనులు తెల్లవాళ్లకే అట్టిపెట్టే చట్టం, 1913లో ఆఫ్రికన్లకు భూమి లేకుండా చేసిన చట్టం వచ్చాయి. భూమి లేనోడికి గనిలో దిగక తప్పదు కదా! ఫ్రాన్సిస్ విల్సన్ అనే ఆర్థికవేత్త 1972లో ప్రచురించిన పరిశోధన ప్రకారం 1969లో నల్ల గని కార్మికుడి నిజ వేతనం 1911 నాటి కంటే ఎక్కువ లేదు. తెల్ల కార్మికుడికీ నల్ల కార్మికుడికీ మధ్య 1911లో పదకొండు రెట్లకు పైగా ఉన్న తేడా 1969కి ఇరవై రెట్లయింది. 1946 ఆగస్టులో రోజుకు 10 షిల్లింగులు కావాలని డెబ్బై వేల మందికి పైగా పని మానేస్తే పోలీసులను దించి అణిచారు. తొమ్మిది మంది చచ్చిపోయారని సర్కారు లెక్క.

కాబట్టి విట్‌వాటర్స్‌రాండ్ రాతిని ఖనిజంగా మార్చిన వాటిలో సైనైడ్ ఒకటి, వర్ణం ఇంకొకటి. కూలి రెండింతలు చేసి ఉంటే ఆ రీఫ్‌లో చాలా భాగం 'ఖనిజం' అనే లెక్కలోకే వచ్చేది కాదు.

తెలుగోళ్లు ఆ బంగారు గనుల్లోకి పోలేదు. 1860 నుంచి 1911 దాకా నేటాల్‌కు ఒప్పందం మీద పోయిన సుమారు లక్షా యాభై రెండు వేల మందిలో మూడింట రెండొంతులు మద్రాసు నుంచి ఓడలెక్కినవాళ్లే. అందులో విశాఖ, గంజాం, చిత్తూరు వైపు తెలుగువాళ్లు, మన మాల మాదిగలు ఉన్నారు. వాళ్లు దిగింది చెరుకు తోటల్లోకి, ఉత్తర నేటాల్ బొగ్గు గనుల్లోకి. 1913 సమ్మె అంటే మనకు గాంధీ పేరు గుర్తొస్తుంది. ముందు పని ఆపింది న్యూకాసిల్ బొగ్గు గని కూలీలు.

కోలారు పక్క దారి

మనకు దగ్గరున్న కోలారు బంగారం కంకరలోది కాదు, గట్టి రాతి నెరియల్లో క్వార్ట్జ్‌తో కలిసి ఉన్నది. 1880లో మొదలైన జాన్ టేలర్ కంపెనీ తవ్వకం మూడు కిలోమీటర్లు దాటిన లోతుకు పోయింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. రాయి వేరైనా లెక్క మాత్రం రాండ్ లెక్కే. కిందకి దిగినవాళ్లలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు, చిత్తూరు, కోలారు వైపుల నుంచి వచ్చిన తమిళ, తెలుగు అంటరాని కులాలవాళ్లు.

కోలారును మేము ఇక్కడ ఎత్తడానికి కారణం వేరు. ఊళ్లో వెట్టి తప్పించుకుని వచ్చినవాళ్లకు గని నరకమే అయినా, చేతికి వచ్చే నగదు కూలి వాళ్లకు ఒక దారి చూపింది. పండిత అయోతీదాసు 1898లో మద్రాసులో పెట్టిన శాక్య బౌద్ధ సంఘానికి కోలారు గనుల్లో మారికుప్పం శాఖ గట్టి పునాది అయింది. 1914లో ఆయన పోయాక ఆగిపోయిన 'తమిళన్' పత్రికను తర్వాత గని ఊరి బౌద్ధులే మళ్లీ తెచ్చారు. బడులు పెట్టారు, సభలు చేశారు. రాయి తవ్వినోళ్లు తమ చరిత్ర తామే రాసుకున్న చోటు అది. కొల్లూరులో ఆ అవకాశం ఎవరికీ రాలేదు.

ఎగువ కొల్లూరు: సంఖ్యగా మిగిలినవాళ్లు

గోల్కొండ వజ్రాలు అంటారు గానీ గోల్కొండలో వజ్రం దొరకలేదు. అక్కడ అమ్మకం జరిగేది. తవ్వింది కృష్ణ ఒడ్డున, కర్నూలు కడప సీమలో. ఊరి పేరు పోయి కోట పేరు నిలవడంలోనే ఈ చరిత్ర ఎవరి చేతిలో ఉందో తెలుస్తుంది.

మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీ తరఫున ఉన్న విలియం మెత్‌వోల్డ్ 1620ల మొదట్లో కృష్ణ ఒడ్డు గనిని చూసి అక్కడ ముప్పై వేల మంది పని చేస్తున్నారని రాశాడు. గనిని ఏటా 3 లక్షల పగోడాలకు గుత్తకిచ్చారనీ, పది క్యారెట్లు మించిన రాయి సుల్తానుదేననీ చెప్పాడు. 1640లలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కొల్లూరులో ఆడ, మగ, పిల్లలు కలిపి అరవై వేల మంది అన్నాడు. ఆయన ఆ ఊరిని 'గని కొల్లూరు' అనే అర్థంలో పిలిచాడు. మన 'గని' మాట అట్లా ఫ్రెంచి పుస్తకానికి ఎక్కింది.

పని ఎట్లా జరిగేదో కూడా ఆయన వివరంగా రాశాడు. మగవాళ్లు పది నుంచి పద్నాలుగు అడుగుల లోతు తవ్వుతారు. నీళ్లు పడితే ఆపుతారు. ఆడవాళ్లు, పిల్లలు ఆ మట్టిని మోసి గోడ కట్టిన దొడ్లో పోస్తారు. కుండలతో నీళ్లు పోసి నానబెట్టి, బురద నీరు వదిలేసి, మిగిలినదాన్ని ఎండబెడతారు. ఎండాక చేటలతో తూర్పారబడతారు. గడ్డల్ని రోకళ్ల లాంటి కర్రలతో చితగ్గొట్టి మళ్లీ చెరుగుతారు. చివరికి చేతులతో వెతుకుతారు.

ఈ వర్ణన చదువుతుంటే మాకు గని కంటే ముందు కళ్లం కనబడింది. నూర్పిడి, తూర్పార, చెరగడం, ఏరడం. వజ్రం తీసే పద్ధతి అని యూరపు వాళ్లు ఆశ్చర్యంగా రాసుకున్నది మన ఆడోళ్లు గింజ దగ్గర చేసే పనే. ఆ నైపుణ్యం ఏ రాజూ నేర్పింది కాదు.

కూలి ఎంత? కర్నూలు వైపు రావల్కొండ, అంటే రామళ్లకోట గనిలో, ఏడాదికి మూడు పగోడాలే అని టావెర్నియే రాశాడు. పని బాగా తెలిసినవాళ్లకే అంత తక్కువని ఆయనే అన్నాడు. పెద్ద రాయి దొరికిచ్చినవాడికి తలపాగా గుడ్డ ఒకటి, కొంచెం డబ్బు, బియ్యం, పళ్లెంలో చక్కెర బహుమానం. ఒంటి మీద గోచీ తప్ప లేనివాళ్లు రాయి మింగేస్తారేమోనని కాపలా పెట్టేవారు.

ఇవి వేర్వేరు గనుల, వేర్వేరు ఏళ్ల లెక్కలు. అయినా పక్కపక్కన పెట్టి చూడటం అవసరం. ముప్పై వేల మందికి తలా మూడు పగోడాలు అంటే 90 వేల పగోడాలు. గుత్త ఒక్కటే 3 లక్షలు. అంటే కూలీలందరి ఏడాది కష్టం కలిపినా సుల్తానుకు చేరే గుత్తలో మూడో వంతు కూడా కాదు. గుత్తదారు లాభం, వర్తకుడి లాభం ఆ పైన. ఈ కూలి లేకపోతే కృష్ణ ఒడ్డు కంకర ఉత్త కంకరే.

ఇంకో లెక్క. మద్రాసు గవర్నరు థామస్ పిట్ 1702 ప్రాంతంలో 410 క్యారెట్ల రాయి ఒకటి 48 వేల పగోడాలకు కొన్నాడు. మూడు పగోడాల లెక్కన అది పదహారు వేల మంది ఏడాది కూలి. పిట్ దాన్ని కోయించి 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి 1,35,000 పౌండ్లకు అమ్మాడు. ముందు 'పిట్ వజ్రం', తర్వాత 'రీజెంట్ వజ్రం' అని పేరు. ఇప్పుడు పారిస్ లూవర్ మ్యూజియం సొత్తు. ఈ రాయి గురించి ఒక కథ చెబుతారు. కృష్ణ ఒడ్డు గనిలో ఒక బానిసకు ఇది దొరికిందనీ, కాలి పుండులో దాచుకుని తీరానికి పారిపోయాడనీ, సగం వాటాకు ఒప్పుకున్న ఇంగ్లీషు ఓడ కెప్టెన్ వాణ్ని చంపి రాయి లాక్కున్నాడనీ. కథ నిజమా కాదా అన్నది పక్కన పెడదాం. కొన్నవాడి పేరు మిగిలింది, అమ్మిన వర్తకుడు జామ్‌చంద్ పేరు మిగిలింది, ధరించిన రాజుల పేర్లు మిగిలాయి. కథలో చచ్చిపోయినవాడికి మాత్రం కథలో కూడా పేరు లేదు.

టావెర్నియే పుస్తకంలో వర్తకులు బనియాలుగా, గుర్తింపు ఉన్న మనుషులుగా కనబడతారు. తవ్వినోళ్లు అరవై వేలు అనే అంకెగా, పేదలుగా కనబడతారు. ఇక్కడ దళిత చరిత్రకారుల పని ఆ అంకెను పట్టుకుని ఏడవడం కాదు. ఆ పని పద్ధతి నుంచి, ఆ కూలి నుంచి, గని చుట్టూ ఉన్న ఊళ్ల నుంచి మనుషుల్ని వెనక్కి రాబట్టుకోవడం.

బనగానపల్లె నుంచి జొన్నగిరి దాకా

బనగానపల్లె దగ్గర పని ఇంకా కష్టం. అక్కడ వజ్రం రాతిపొరలో ఉంది. ఆ పొర మందం కొన్ని అంగుళాలే. విలియం కింగ్ 1872లో భూగర్భ సర్వే తరఫున కడప, కర్నూలు శిలల మీద రాసిన గ్రంథంలో ఈ తవ్వకాలను వర్ణించాడు. లోతు తక్కువ గుంతలు, వాటి అడుగున పక్కలకు పోయే పొట్టి సొరంగాలు, నిలబడటానికి వీల్లేక ముడుచుకుని కూర్చుని పొరను తొలిచే మనుషులు. ఇంత పని చేసినా రాయి దొరకని రోజులే ఎక్కువ. బ్రెజిల్ వజ్రం 18వ శతాబ్దంలో, ఆఫ్రికా వజ్రం 19వ శతాబ్దంలో బజారుకొచ్చాక ఇక్కడి తవ్వకం సన్నగిల్లింది. కూలి ఎంత తగ్గించినా గిట్టుబాటు కాని స్థితి వచ్చాకే ఈ రాయి 'ఖనిజం' హోదా పోగొట్టుకుంది.

పూర్తిగా పోయిందా? లేదు. ఏటా తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేలల్లో వందల మంది నేల మీద కళ్లు పెట్టుకుని నడుస్తుంటారు. వాన మట్టిని కడిగితే రాయి తేలుతుందని ఆశ. పనులు లేని నెలల్లో కూలోళ్లు, పక్క జిల్లాల వాళ్లు సద్ది కట్టుకుని వస్తారు. దొరికినోడికి దాని అసలు ధర తెలిసే దారి లేదు. వర్తకుడు చెప్పిందే ధర. నాలుగు వందల ఏళ్ల కింద తలపాగా గుడ్డ ఇచ్చారు, ఇప్పుడు నోట్లు ఇస్తున్నారు.

అదే జొన్నగిరి దగ్గర ఇప్పుడు ప్రైవేటు కంపెనీ బంగారు గని వచ్చింది. టన్నుకు రెండు గ్రాములకు అటూ ఇటూగా ఉండే రాయి, పైనుంచి తవ్వే గని. యంత్రాలొచ్చాయి కాబట్టి ఇక కూలి ప్రశ్న లేదని కొందరంటారు. ప్రశ్న కూలి దగ్గర నుంచి భూమి దగ్గరికి జరిగింది, అంతే. పేద రాయి గిట్టాలంటే ఏదో ఒకటి చౌకగా దొరకాలి. ఒకప్పుడు మనిషి చౌక. ఇప్పుడు మెట్ట చేను చౌక, అసైన్డ్ పట్టా చౌక, దుమ్ము పీల్చే పక్క ఊరి ఊపిరితిత్తి చౌక.

దిగువ కొల్లూరు: పరిగె

ఇప్పుడు మా కొల్లూరు దగ్గరికి వద్దాం. డెల్టాలో బంగారం పుట్టదు, కానీ బంగారం దొరికింది. తెనాలి–రేపల్లె రైలు దారిలో ఉన్న భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ ధాతు కరండాలు బయటికి తీశాడు. స్ఫటికపు భరిణె, బంగారు పూలు, పూసలు, ముత్యాలు అందులో ఉన్నాయి. మౌర్య కాలపు లిపికి దగ్గరున్న లిపిలో దాతల పేర్లు ఉన్నాయి. అంటే ఈ నేల మీద ఒకప్పుడు బంగారాన్ని రాజు కిరీటానికి కాక బుద్ధుడి ధాతువు పక్కన పెట్టిన జనం ఉన్నారు, పెట్టినవాళ్లు తమ పేరు రాసుకున్నారు కూడా. రీ వచ్చేసరికే ఆ స్తూపాన్ని సగం పీకేశారు. ఇటుకలు రోడ్లకు పోయాయి. పాలరాళ్లు వెల్లటూరు దగ్గర కాలువ తూముకు పోయాయి. కోలారు గని కూలీలు బౌద్ధం వెతుక్కున్నది దీని తర్వాత కొద్ది ఏళ్లకే.

ఆ కాలువలు ఎందుకొచ్చాయి? 1833 నందన కరువులో గుంటూరు జిల్లాలో అయిదు లక్షల జనంలో రెండు లక్షల మంది చచ్చిపోయారని చెబుతారు. 1855కి బెజవాడ ఆనకట్ట పూర్తయింది. నీళ్లొచ్చాక మా భూములు 'బంగారం పండే భూములు' అయ్యాయి. పండించినోళ్ల పల్లెలకు మాత్రం పాలేరు జీతం, కొలిచి పోసే వడ్ల కూలి. కొల్లూరు గనిలో ఏడాదికి మూడు పగోడాలు, తెనాలి చేలో ఏడాదికి ఇన్ని బస్తాలు. ఏడాదికోసారి లెక్క, మధ్యలో అప్పు. పద్ధతి ఒకటే.

మా ఇళ్లలో మొదట కాలేజీ గడప తొక్కిన తరం మేము. మా అమ్మమ్మలు, నాయనమ్మలు కోతలయ్యాక పరిగె ఏరినవాళ్లు. కోసి కుప్పేసిన చేలో రాలిన కంకులు ఒంగి ఒక్కొక్కటే ఏరి, ఎలుక బొరియలు తవ్వి అందులో దాచిన కంకులు తీసి, దంచుకుని పిల్లలకు వండి పెట్టారు. ఆసామి లెక్కలో ఆ కంకులకు ఎకరానికి ఇంత అనే గ్రేడు కూడా లేదు. వాటిని ఏరించడానికి కూలి ఇస్తే గిట్టదు. తన ఒంటి కష్టానికి ధర కట్టే హక్కు లేని మనిషికే అది పంట. జలగడుగు, పరిగె, జొన్నగిరి చేలో రాయి వెతుకులాట, ఇవన్నీ ఒకే పని. పైవాడికి గిట్టనిది కిందివాడికి బతుకుతెరువు. దీన్ని దానం అనీ ఊరి ధర్మం అనీ రాసిన పుస్తకాలున్నాయి. అది ధర్మం కాదు, ఒక కులాన్ని తక్కువ గ్రేడు ఖనిజంలా వాడుకునే పద్ధతి.

ఆ ధరను తామే కట్టుకుంటామని పల్లె తల ఎత్తినప్పుడు ఏం జరిగిందో మా వైపు అందరికీ తెలుసు. 1985 జులై 17న కారంచేడు. 1991 ఆగస్టు 6న చుండూరు. తెనాలికి కూతవేటు దూరంలో ఎనిమిది మందిని చంపి, కొందరి శవాల్ని గోనె సంచుల్లో కట్టి కాలువలో పడేశారు. రాండ్‌లో 1946లో పోలీసులు చేసిన పనికీ దీనికీ రూపం వేరు. కూలి తక్కువగా ఉండాలంటే మనిషి తక్కువగా ఉండాలి అనే సూత్రం రెండు చోట్లా ఒకటే. 2007లో ప్రత్యేక కోర్టు చుండూరు నిందితుల్లో కొందరికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

ఇవాళ దిగువ కొల్లూరు లంకల్లో తవ్వకం ఉంది. వజ్రానికి కాదు. ఇసుకకు, బుసకకు, ఇటుక బట్టీల మట్టికి. లంక భూమి మీద బతికే పల్లెల వాళ్లకు ఆ మట్టే ఆస్తి. లారీ లెక్కన పోతున్న ఒండ్రు రేపు వరదకు గట్టు లేకుండా చేస్తుందని వాళ్లకు తెలుసు. వాళ్లు చెప్పేదాన్ని వినడానికి మాత్రం భూగర్భ శాస్త్రవేత్త ఎవరూ రారు.

నీళ్ల కింద గని

ఎగువ కొల్లూరు ఇప్పుడు లేదు. 2013 డిసెంబరులో జాతికి అంకితమైన పులిచింతల జలాశయం నీళ్లలో ఆ ఊరూ పాత గనుల చోటూ మునిగిపోయాయి. ఆ జలాశయం ఎందుకు కట్టారు? కృష్ణా డెల్టాలో పదమూడు లక్షల ఎకరాలకు నీరు స్థిరపరచడానికి. నిల్వ 45.77 టీఎంసీలు. అంటే తెనాలి, రేపల్లె, బాపట్ల కాలువల్లో పారే నీళ్లలో కొంత, అరవై వేల మంది తవ్విన ఆ గుంతల మీద నిలబడి వచ్చిన నీళ్లే. రెండు కొల్లూర్లను కలిపేది ఇదీ.

ఏటేటా కోహినూరును ఇంగ్లండు తిరిగి ఇవ్వాలనే మాట వస్తుంది. 1849 లాహోరు ఒప్పందంతో అది చిన్న రాజు దులీప్‌సింగ్ చేతిలోంచి విక్టోరియా రాణికి పోయింది. 2016లో సుప్రీంకోర్టులో కేంద్రం తరఫున దాన్ని దొంగిలించలేదని చెప్పారు. గొడవయ్యాక స్నేహంగా తిరిగి తెచ్చే ప్రయత్నం చేస్తామన్నారు. తెలుగు పత్రికలు 'మన గుంటూరు వజ్రం' అని రాశాయి. కోహినూరు కొల్లూరుదే అన్నది సంప్రదాయంగా చెప్పుకునే మాట. అది నిజమే అనుకుందాం. తిరిగొస్తే ఎవరికి వస్తుంది? ఒక మ్యూజియంలోంచి ఇంకో మ్యూజియంలోకి. ఆ అడగడంలో సుల్తాను ఉన్నాడు, మొగలాయిలు ఉన్నారు, నాదిర్షా, రంజిత్‌సింగ్, రాణి ఉన్నారు. చేటతో చెరిగిన ఆడమనిషి లేదు. వలస దొంగతనాన్ని ఖండించడం న్యాయమే. అంతకు ముందు జరిగిన మూడు పగోడాల దొంగతనాన్ని మరిచిపోయి చేసే ఖండన మాత్రం సగం న్యాయం.

వేరే దారి ఒకటి దక్షిణాఫ్రికా గని కార్మికులు చూపించారు. రాతి దుమ్ము పీల్చి సిలికోసిస్ పట్టినవాళ్లు, చచ్చిపోయినవాళ్ల భార్యలు బంగారు కంపెనీల మీద కోర్టుకెళ్లారు. 2019 జులైలో జోహానెస్‌బర్గ్ హైకోర్టు 500 కోట్ల ర్యాండ్ల ఒప్పందాన్ని ఆమోదించింది. అది చాలదని చాలామంది అన్నారు, నిజమే. కానీ అక్కడ పరిహారం ఇవ్వాలంటే ఒక్కో మనిషి పేరు రాయాలి. ఏ గనిలో దిగాడు, ఎన్నేళ్లు, ఊపిరితిత్తి ఎంత పోయింది అని రాయాలి. వందేళ్లు అంకెలుగా ఉన్నవాళ్లు అట్లా పేర్లయ్యారు.

కొల్లూరు కూలీలకు ఆ పట్టిక ఇప్పుడు తయారు చేయలేం. జొన్నగిరి చేలల్లో నడుస్తున్నవాళ్లకు, లంకల్లో మట్టి పోతున్న పల్లెలకు, ఇటుక బట్టీల్లో అడ్వాన్సు తీసుకుని పనిచేస్తున్న కుటుంబాలకు చేయగలం. పేరు, పని, కూలి, అప్పు, జబ్బు. పరిగె ఏరిన ముసలమ్మలు ఇంకా కొందరు బతికే ఉన్నారు. వాళ్లు ఎన్ని కుంచాలు ఏరేవారో, ఏ ఆసామి చేలోకి రానిచ్చేవాడో, ఎవడు కర్ర పట్టుకుని తరిమేవాడో వాళ్లకు గుర్తుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె కాలేజీల్లో చదువుతున్న మన పిల్లలు సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ముందుగా వాళ్ల దగ్గర కూర్చుని రాసుకోవాలి. ఈ పని ఇంకో పదేళ్లు ఆగదు.